తలకిందుల సలహాలు

"ఆంటీ, రోడ్డు కోసం దరఖాస్తు రాశాం. ఒకసారి చూసి పెడతారా?" అంటూ పక్క కాలనీ కుర్రాళ్ళు ముగ్గురు మొన్న ఆదివారం మా ఇంటికొచ్చారు. కొత్తగా సంక్షేమ సంఘం పెట్టుకున్నారు. మా కాలనీ సంఘానికి పదకొండేళ్ళుగా నేనే కార్యదర్శిని కాబట్టి నాకు చూపిస్తే మంచిదనుకున్నారు. కాగితం చదివి, "ఇది ఇవ్వకండి" అన్నాను. బిత్తరపోయారు. సాయంత్రం దాకా కూర్చుని మాట్లాడుకున్నాం. లేచి వెళ్ళేటప్పుడు ఒకబ్బాయి, "మీరు చెప్పినవన్నీ తలకిందులుగా ఉన్నాయి ఆంటీ" అన్నాడు. నిజమే. హైదరాబాదు శివారులో ఇల్లు కట్టుకుని, కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాకే నాకూ అవి తలకెక్కాయి. ఆ అబ్బాయికీ, అతనిలాగే కొత్తగా సంఘాలు పెట్టుకున్నవాళ్ళకూ పనికొస్తాయని ఆ రోజు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

రోడ్డు అడగకండి

వీధికి రోడ్డు ఆఖరి పని. ఇంటికి రంగులు వేయించాక గోడలు కొట్టి కరెంటు వైర్లు లాగించేవాళ్ళు ఎవరూ ఉండరు. వీధి దగ్గరికొచ్చేసరికి మాత్రం మనమే ముందు రంగులు అడుగుతాం. మేమూ అదే అడిగాం. సీసీ రోడ్డు వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం. పిల్లలు సాయంత్రాలు సైకిళ్ళు తొక్కారు. రెండో నెల తిరక్కుండానే మంచినీటి పైపు కోసం ఒక పక్క కోశారు. వానలు తగ్గాక డ్రైనేజీ లైను మార్చాలని నడిమధ్యన తవ్వారు. మరుసటి వేసవిలో ఇంటర్నెట్ కేబుల్ వాళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు సన్నగా చీల్చుకుంటూ పోయారు. పూడ్చిన చోటల్లా రోడ్డు కుంగింది. ఆ గుంతలో స్కూటర్ జారి మా వీధి చివరింటి మాస్టారికి మణికట్టు విరిగింది.

ఆ కోపంలో మూడు ఆఫీసులకూ వెళ్ళాను. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు. ముగ్గురి దగ్గరా అనుమతి కాగితం ఉంది, మంజూరు తేదీ ఉంది, టెండరు గడువు ఉంది. ఒకరి కాగితం ఇంకొకరు చూడలేదు. చూడమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ ముగ్గురి పనులూ కలిసే చోటు ఊరు మొత్తం మీద మా వీధి ఒక్కటే. అక్కడికి కూడా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు.

కాబట్టి రోడ్డు దరఖాస్తు పక్కన పెట్టి, ముందు ఒక తెల్లకాగితం మీద మీ వీధిని అడ్డంగా కోసినట్టు గీయండి. భూమిలో ఏముందో రాయండి: మంచినీటి పైపు, మురుగు లైను, వాననీటి కాలువ, కరెంటు కేబులు, ఉంటే గ్యాసు, ఇంటర్నెట్. ఏది ఎంత లోతులో ఉందో లైన్‌మన్‌కీ, పైపులు వేసిన మేస్త్రీకీ తెలుస్తుంది. ఆఫీసు పటాన్ని వాళ్ళు చెప్పినదాంతో సరిచూసుకోండి, తేడా ఉంటే వాళ్ళ మాటే నమ్మండి. ఆ తర్వాత ఒక్కొక్క విభాగానికీ ఒకే ప్రశ్నతో ఉత్తరం పెట్టండి: వచ్చే మూడేళ్ళలో ఈ వీధిలో మీకు తవ్వే పని ఉందా? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబులన్నీ ఒకే ఫైల్లో పెట్టి, అందరికీ అందరి జవాబులూ పంపండి. మా ఫైలు అలా తిరిగాకే నీళ్ళ ఇంజినీరూ రోడ్ల ఇంజినీరూ మా పార్కు బెంచీ మీద మొదటిసారి పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర లేదు.

రోడ్డు వేసే రోజు వచ్చినప్పుడు రెండు పనులు పట్టుబట్టి చేయించండి. ఖాళీ ప్లాట్లకు కూడా నీళ్ళ కనెక్షనూ మురుగు కనెక్షనూ ప్లాటు హద్దు దాకా తెచ్చి మూత వేయించండి. రేపు ఇల్లు కట్టేవాడు మళ్ళీ రోడ్డు కోయకుండా ఉంటాడు. అక్కడక్కడా రోడ్డు కింద అడ్డంగా ఖాళీ పైపులు పెట్టించండి, తర్వాత వచ్చే కేబులు వాటిలోంచి దూరుతుంది. ఇంకొక మాట. పాత రోడ్డు మీదే కొత్త పొర వేస్తామంటే ఒప్పుకోకండి, పాతది చెక్కి వేయమనండి. పొర మీద పొర పడి మా పక్క వీధిలో ఇళ్ళ గడపలన్నీ రోడ్డుకన్నా కిందికి పోయాయి. వాన పడితే నీళ్ళు నేరుగా వరండాలోకి వస్తాయి.

మీ నాలా కన్నా ముందు దిగువ వాళ్ళ నాలా

కుర్రాళ్ళకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఇదే. మన వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే మన నాలా వెడల్పు చేయమని అడగడం సహజం. అడగకండి. ముందు ఆ నాలా వెంట కిందికి నడవండి. అది ఏ కల్వర్టు కింద ఇరుకైందో, ఏ చెరువులో కలుస్తుందో, ఆ చెరువు అలుగు ఇవాళ ఎవరి ప్రహరీ గోడకు తగులుతుందో చూసి రండి. నాలా పని ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు జరగాలి. ఎగువన ముందు వెడల్పు చేస్తే నీళ్ళు ఇంకా వేగంగా వెళ్ళి దిగువనున్న ఇరుకులో కొట్టుకుంటాయి. మన వీధి ఆరుతుంది, కింది వీధి మునుగుతుంది. ఆ ఇరుకు అలాగే ఉంటే రెండేళ్ళకు నీళ్ళు ఎగదన్ని మళ్ళీ మన దగ్గరికే వస్తాయి.

హైదరాబాదు కట్టడమే గొలుసుకట్టు చెరువుల మీద జరిగింది. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది, అది నిండితే ఇంకొకటి, చివరికి మూసీ. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా వచ్చి హుస్సేన్‌సాగర్‌లో కలుస్తాయి. సాగర్ నిండితే మిగులు నీళ్ళు అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక వైపు సాగి మూసీలో పడతాయి. కూకట్‌పల్లిలో పారే వాననీటికీ అశోక్‌నగర్‌లో కింది అంతస్తులో నిద్రపోయే కుటుంబానికీ చుట్టరికం ఉంది. రెండు చోట్లా కార్పొరేటర్లు వేరు, జోన్లు వేరు. నీళ్ళకు జోన్లు తెలియవు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నగరం నేర్చుకున్నది ఇదే. ఎగువ చెరువులు వరసగా తెగి ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. నిజాం ప్రభుత్వం పిలిపిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలో గోడలు కట్టించి సరిపెట్టమనలేదు. నదికి ఎగువన నీళ్ళు పట్టే రెండు జలాశయాలు కట్టమన్నారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి పరీవాహకంలో 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు కట్టడాల ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలను ఎత్తేసింది. అక్కడ భూమి ఉన్న రైతుకు తన పొలం మీద హక్కు కావాలి, అది న్యాయమే. కానీ ఆ 84 ఊళ్ళ భూమికీ పాతబస్తీ భద్రతకూ ఉన్న లెక్క తేల్చే బల్ల దగ్గర ఆ ఊళ్ళ సర్పంచులూ, మూసీ ఒడ్డు కార్పొరేటర్లూ ఎదురెదురుగా కూర్చుని ఉండాల్సింది. నా బాధ అంతా అక్కడే.

2020 అక్టోబరు వానలు ఇక్కడెవరూ మరిచిపోలేదు. పల్లె చెరువు కట్ట తెగి అలీనగర్ వైపు ఇళ్ళు కొట్టుకుపోయాయి. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి జాతీయ రహదారి కోసుకుపోయింది. కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట కూడా తెగింది. చెరువు ఒక శాఖది, కట్ట పక్కన వేసిన లేఅవుటు అనుమతి ఇంకొక శాఖది, అలుగు కాలువ మీద కట్టిన రోడ్డు మూడో శాఖది. పాత ఊళ్ళలో నీరటి అనే మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, పై చెరువు నిండితే కిందివాళ్ళకు ఎలా కబురు పెట్టాలో అతనికి తెలుసు. ఊళ్ళు కాలనీలయ్యాక నీరటి పోయాడు. అతను ఒక్కడు చేసిన పనిని అరడజను శాఖలు పంచుకున్నాయి, కబురు పెట్టే పని మాత్రం ఎవరి వాటాకీ రాలేదు.

మేం ఏం చేశామో చెబుతాను. ఒక ఆదివారం పదిమందిమి మా నాలా వెంట నాలుగు కిలోమీటర్లు నడిచాం. దారిలో ఒక చిన్న కల్వర్టు కింద పెద్ద తూముల బదులు రెండు సన్న పైపులు కనిపించాయి. ఆ కల్వర్టు మా వార్డులో లేదు. ఆ కాలనీ సంఘం అధ్యక్షుడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, "అన్నా, మీ కల్వర్టు కోసం మేం సంతకాలు పెడతాం" అంటే, ముందు ఏదో మోసం ఉందనుకున్నాడు. వాళ్ళ దరఖాస్తు కింద మా కాలనీ వాళ్ళవి రెండు వందల సంతకాలు పెట్టాం. రెండేళ్ళు పట్టింది. ఆ కల్వర్టు వెడల్పయిన ఏడాది మా వీధిలో నీళ్ళు నిలవలేదు. మా కాలనీలో ఒక్క రూపాయి పని జరగలేదు.

ఈ విషయం మీద ప్లాటు కొనేవాళ్ళకూ ఒక ముక్క. స్థలం ఎండాకాలంలో చూడకండి. వాన వెలిసిన మర్నాడు వెళ్ళండి. పక్కన పాత ఊరుంటే అక్కడి ముసలివాళ్ళను, "అలుగు నీళ్ళు ఎటు పోయేవి తాతా?" అని అడగండి. లేఅవుటు క్రమబద్ధీకరణ రుసుము కట్టినంత మాత్రాన నీళ్ళు దారి మార్చుకోవు.

కొత్త సంస్థ కావాలని అడగకండి

ఊళ్ళో ఏదైనా విపత్తు జరగ్గానే, "వీటన్నిటికీ కలిపి ఒక అథారిటీ ఉండాలి" అని టీవీలో ఎవరో ఒకరు అంటారు. వినడానికి బాగుంటుంది. ఆ మాట మనం ఇప్పటికే చాలాసార్లు విన్నాం. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. 1975లో నగరాభివృద్ధి సంస్థ హుడా వచ్చింది. నీళ్ళకూ మురుగుకూ 1989లో జలమండలి వచ్చింది. 2007లో పాత నగర కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలనూ 8 గ్రామ పంచాయతీలనూ కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2008లో హుడాను, మరికొన్ని అథారిటీలను కలిపి మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చేశారు. 2017లో మూసీకి ఒక కార్పొరేషన్, 2024లో విపత్తులకూ చెరువుల రక్షణకూ హైడ్రా. ప్రతిదాని వెనకా నిజమైన అవసరం ఉంది. ప్రతిదానికీ సొంత భవనం, సొంత బడ్జెట్, సొంత పటం కూడా ఉన్నాయి.

హెచ్‌ఎండీఏకు, జలమండలికి, హైడ్రా పాలకమండలికి మూడింటికీ అధ్యక్ష స్థానం ముఖ్యమంత్రిదే. పైన ఒకే కుర్చీ ఉంటే కింద సమన్వయం దానంతటదే వస్తుందనుకుంటే, అది ఎప్పుడో వచ్చి ఉండాలి. ముఖ్యమంత్రి ఎంత సమర్థులైనా మా వీధి పైపు లోతు వారికి తెలిసే వీలు లేదు, తెలియాల్సిన అవసరమూ లేదు. సమన్వయం జరగాల్సింది పని జరిగే ఎత్తులో. వార్డులో రోడ్లు, నీళ్ళు, కరెంటు, పారిశుధ్యం చూసే నలుగురు ఒకే గదిలో, నెలకొకసారైనా, ప్రజల ముందు కూర్చుని తమ తమ వచ్చే నెల పనులు చదివి వినిపించాలి. 2023 జూన్‌లో జీహెచ్‌ఎంసీ వార్డు కార్యాలయాలు తెరిచినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. కాబట్టి కొత్త అథారిటీ కోసం పెట్టే సంతకం, ఆ వార్డు గదిలో కూర్చునే నలుగురికి నిర్ణయాధికారం ఇవ్వమని పెట్టండి.

మంత్రి దగ్గరికి వెళ్ళకండి

ఒకసారి నేనూ వెళ్ళాను. పలుకుబడి ఉన్న ఒక బంధువు ద్వారా కలిశాం. మా ముందే ఫోన్ చేసి చెప్పారు. వారం తిరక్కుండా జేసీబీ వచ్చి మా మురుగు కాలువ పూడిక తీసింది. మిఠాయిలు పంచుకున్నాం. నెల తర్వాత తెలిసింది, ఆ జేసీబీ మూడు వీధుల అవతల ఒక బస్తీలో సగం తీసిన పని వదిలేసి వచ్చిందని. అక్కడి పిల్లలు తెరిచి ఉంచిన కాలువ మీంచి చెక్కలు వేసుకుని బడికి వెళ్ళారు. ఆ తర్వాత నేను ఎవరి ఫోనూ అడగలేదు.

పై నుంచి వచ్చే ప్రతి ఫోనూ కింద ఎవరో రాసుకున్న వరస క్రమాన్ని చెరిపేస్తుంది. ఇంజినీరు ప్రణాళిక వేసుకోవడం మానేసి ఫోన్ కోసం ఎదురుచూడడం నేర్చుకుంటాడు. నగరాన్ని ఒక్క చోట నుంచి నడిపే పద్ధతిని మనమే రోజూ బలపరుస్తున్నాం, మన పని త్వరగా అయితే చాలని.

వెళ్ళాల్సిన చోటు కార్పొరేటరు దగ్గర. "ఆయన చేతిలో ఏముంది?" అంటారు. చట్టంలో చాలా ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులో పట్టణాలకు 18 పనులు రాసింది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి ఒక మహానగర ప్రణాళిక కమిటీ ఉండాలనీ, అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది అక్కడి మున్సిపాలిటీల ఎన్నికైన సభ్యులూ, పంచాయతీల అధ్యక్షులూ తమలోంచి ఎన్నుకున్నవాళ్ళు కావాలనీ చెప్పింది. నేను పైన అన్న బల్ల ఇదే. పరీవాహక గ్రామమూ నది ఒడ్డు వార్డూ ఎదురెదురుగా కూర్చునే ఆ బల్లను రాజ్యాంగమే వేసిపెట్టింది. మీ కార్పొరేటరును కలిసినప్పుడు ఈ రెండే అడగండి: మన వార్డు కమిటీ సమావేశం ఎప్పుడు? మహానగర కమిటీలో మన తరఫున ఎవరున్నారు? జవాబు తెలియకపోతే కనుక్కుని చెప్పమని నెలనెలా వెళ్ళండి.

ఎన్నికైన పాలకమండలి లేని రోజుల్లో మాత్రం, ముందు ఎన్నికలు అడగండి. ఈ నగరంలో 1986 తర్వాత మున్సిపల్ ఎన్నికలు మళ్ళీ 2002లో జరిగాయి. జీహెచ్‌ఎంసీ తొలి పాలకమండలి గడువు 2014 డిసెంబరులో ముగిస్తే, తర్వాతి ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో వచ్చాయి. పాలకమండలి లేని ఆ రోజుల్లో మన వీధి గురించి అడిగే హక్కున్న మనిషే లేడు.

నిధులు కాదు, మనిషిని అడగండి

కోట్ల మంజూరు వార్త పేపర్లో వస్తే పండగ చేసుకోకండి. ఆ పనిని గీసే మనిషి ఉన్నాడా అని అడగండి. 2021 సెప్టెంబరులో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలో 7,933 పట్టణ ప్రాంతాలుంటే వాటిలో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. రాష్ట్రాల పట్టణ ప్రణాళిక విభాగాల్లో 12,000కు పైగా ప్లానర్లు కావాలి. మంజూరైన పోస్టులు నాలుగు వేల లోపు, వాటిలోనూ దాదాపు సగం ఖాళీ. మనిషి లేని చోట డబ్బు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఖర్చు పెడతారు. మా వార్డుకు ఒక ఇంజినీరు మూడేళ్ళు కదలకుండా ఉన్న కాలంలో, నాలాల పటం ఆ అమ్మాయి తలలో ఉండేది. ఆమెను బదిలీ చేస్తామన్నప్పుడు మేం మానవహారం కట్టాల్సింది. కట్టలేదు. రోడ్డు కోసం అయితే కట్టేవాళ్ళం.

డబ్బు అడగక తప్పదంటే, దాని మీద నిర్ణయం కూడా కలిపి అడగండి. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చింది. పుణెలో 2006 నుంచి పౌరులు తమ ప్రాంతంలో కావలసిన చిన్న పనులను కార్పొరేషన్ బడ్జెట్‌లోకి పంపిస్తున్నారు. మన దగ్గర కూడా వార్డుకు కొంత సొమ్ము ఇచ్చి, దాని ఖర్చు జనం ముందు తేల్చమంటే చాలు. మొదటి ఏడాది గొడవలవుతాయి. మా సంఘంలో వాచ్‌మన్ జీతం మీదే ఆరు నెలలు గొడవపడ్డాం, తర్వాత కుదిరింది.

మెట్రో స్టేషన్ అడిగేవాళ్ళకు రెండు మాటలు. ముందు స్టేషన్‌కు నడిచే దారి, ఆ మెట్ల దగ్గరే ఆగే బస్సు అడగండి. రైళ్ళూ బస్సులూ కలిపి చూడాల్సిన మహానగర రవాణా అథారిటీ 2008 హెచ్‌ఎండీఏ చట్టంలోనే ఉంది. మెట్రో 2017 నవంబరులో వచ్చింది. ఇవాళ్టికీ మా అమ్మాయి బస్సు దిగి, డివైడర్ దాటి, స్టేషన్‌కు పరిగెడుతుంది.

కుర్రాళ్ళు వెళ్ళబోతూ, "మరి రేపు పొద్దున్నే ఏం చేయమంటారు?" అని అడిగారు. నా దగ్గరున్న రెండు వందల పేజీల నోటుబుక్కు తీసి చూపించాను. ప్రతి వానకూ తేదీ, ఎన్ని గంటలు కురిసిందో, ఏ ఇంటి ముందు ఎన్ని మెట్లు మునిగాయో, ఎంతసేపటికి నీళ్ళు తీశాయో రాసి ఉంటుంది. ఏ రోజు ఎవరు ఎక్కడ తవ్వారో, ఎవరి అనుమతితో తవ్వారో, ఎప్పుడు పూడ్చారో కూడా. మొదట్లో నేను ఒక్కదాన్నే రాసేదాన్ని. ఇప్పుడు దిగువ కాలనీ అన్న కూడా రాస్తున్నాడు, ఆయన వానలూ మా వానలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటాం. మా దగ్గర నీళ్ళు ఎక్కిన ఎంతసేపటికి వాళ్ళ దగ్గర ఎక్కుతున్నాయో ఇద్దరికీ తెలుసు, ఆ లోపు ఫోన్ చేసుకుంటాం. పక్క కాలనీ మా ఎగువన ఉంది. వాళ్ళకు ఒక కొత్త నోటుబుక్కు ఇచ్చాను. మొదటి పేజీ మీద మా ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి పంపాను.